ఎనిమిది నిమిషాల వంట

"ఎనిమిది నిమిషాలే అన్నయ్యగారూ" అన్నాడు మా తోడల్లుడు. అయ్యా, అమ్మా, ఈ దేశంలో నాకు జరిగిన అన్యాయాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. వీసా ముద్ర కోసం చెన్నైలో నెల రోజులు పడిగాపులు కాశాను, ఓర్చుకున్నాను. గ్రీన్‌కార్డు వరసలో నిలబడి జుట్టు నెరిపించుకున్నాను, ఓర్చుకున్నాను. కానీ "ఏముందండీ, ఉప్పు, మిరియాలు, కాలిన పెనం, అటు నాలుగు నిమిషాలు, ఇటు నాలుగు నిమిషాలు, స్టేక్ రెడీ" అని నమ్మబలికి, ఒక గృహస్థు పరువు ప్రతిష్ఠల్ని పొయ్యి మీద పెట్టించిన ఆ మనిషిని మాత్రం క్షమించలేకపోతున్నాను. పైగా దసరాకి భోజనానికి పిలవాలి.

తోడల్లుడంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీకూ ఒకడు ఉండే ఉంటాడు. మనకంటే రెండేళ్లు ఆలస్యంగా అమెరికా వచ్చి, మనకంటే రెండేళ్లు ముందు ఇల్లు కొని, ఆ ఇంటికి పెరడు ఉండి, ఆ పెరట్లో గ్యాస్ గ్రిల్ ఉండి, దాని ముందు ఏప్రన్ కట్టుకుని చేతిలో పట్టకారుతో నిలబడి "రండి రండి" అని పిలుస్తాడు. డాలస్ చుట్టుపక్కల ఇలాంటివాళ్లు వీధికి ఇద్దరున్నారు. మావాడు గ్రిల్ మూత ఎత్తి లోపలికి చూసే తీరు, పెద్దాసుపత్రిలో సర్జను రోగి కడుపులోకి చూసినట్టుంటుంది. మా అబ్బాయి కళ్లప్పగించి అటే చూస్తుంటాడు. నేను పేపరు ప్లేట్లు అందిస్తుంటాను.

మాకు ప్రస్తుతం పెరడు లేదు. ఉన్న ఇల్లు అమ్మేసి కొత్తిల్లు కట్టిస్తున్నాం. ఆరు నెలల్లో తాళాలు చేతికిస్తామన్న బిల్డరు మాట నమ్మి అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో చేరాం, ఇప్పుడు పధ్నాలుగో నెల నడుస్తోంది. బాల్కనీ ఉంది, కాదనను. కాకపోతే అది చెక్క బాల్కనీ. చెక్క బాల్కనీ మీద గానీ, అంటుకునే గోడకి 10 అడుగుల లోపల గానీ మంట గ్రిల్ వెలిగించకూడదని ఇక్కడి అగ్నిమాపక నియమం. మా బాల్కనీ పొడవే 9 అడుగులు. గోడకి 10 అడుగులు ఎడం జరగాలంటే నేను గ్రిల్‌తో సహా గాల్లో నిలబడాలి. కాబట్టి వంటింట్లో పొయ్యి ఒక్కటే గతి. అదీ కరెంటుది.

అసలు నాకెందుకు ఈ తద్దినం అంటారా? మా అబ్బాయికి పదహారు నిండుతున్నాయి. పుట్టినరోజుకి ఏం కావాలిరా అని, కారు అంటాడేమోనని గుండె చిక్కబట్టుకుని అడిగాను. కాస్సేపు ఆలోచించి, "డాడీ, నువ్వు స్టేక్ చెయ్యగలవా? బాబాయ్ చేసినట్టు?" అన్నాడు. ఆ 'గలవా'లో ఉన్న అనుమానం మీరు విని ఉంటే మీకూ రక్తం మరిగేది. చిటికెలో చేస్తానన్నాను. కారే నయం.

ఇక్కడ మా ఇంటి విదేశాంగ విధానం కొంచెం వివరించాలి. మా ఆవిడ కోడి తింటుంది, మేక తింటుంది, రొయ్యలంటే ప్రాణం పెడుతుంది. బీఫ్ మాత్రం ముట్టదు. వాడూ నేనూ హోటల్లో తింటుంటే చూడనట్టు మొహం సలాడ్ వైపు తిప్పుకుంటుంది. గడప లోపలికి మాత్రం రాకూడదు. "బయట తింటే లేని తప్పు ఇంట్లో వండితే ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఒకసారి తర్కానికి దిగాను. "బూట్లు వీధిలో వేసుకుంటే తప్పా? అవే బూట్లతో దేవుడి దగ్గరికొస్తే?" అంది. ఈ పాయింటుకి జవాబు కోసం వెతుకుతూ ఇప్పటికి తొమ్మిదేళ్లయింది.

అయినా కన్నతల్లి కదా. మూడు రోజుల చర్చల తర్వాత ఒడంబడిక కుదిరింది. సోమ, గురు, శుక్ర, శనివారాలు పనికిరావు. ఆవిడ ఇంట్లో ఉండగా పనికిరాదు. వేరే పెనం, వేరే కత్తి, వేరే కటింగ్ బోర్డు, వేరే పట్టకారు. పని అయ్యాక అవన్నీ గరాజ్‌లో పెట్టెయ్యాలి. మాకు గరాజ్ లేదు కదా అన్నాను. "అయితే మీ కారు డిక్కీలో" అంది. వర్సేల్స్ ఒప్పందంలో 440 అధికరణలున్నాయట. మాది దానికి కొనసాగింపు. వాడు జూన్‌లో పుట్టాడు కాబట్టి బతికిపోయాడు, కార్తీకంలో పుట్టి ఉంటే చర్చలే ఉండేవి కావు. ఆదివారం ఎవరిదో సీమంతం, రెండింటికి వెళ్లి ఐదున్నరకి వస్తానంది. మూడున్నర గంటల స్వాతంత్ర్యం.

శనివారం మాంసం కొట్టుకి బయల్దేరాను. తెనాలిలో మా నాన్న మాంసానికి వెళితే మొత్తం వ్యవహారం పది మాటల్లో ముగిసేది. "కిలో కొట్టు. తొడ ముక్క. రెండు నల్లెముకలు వెయ్యి. కొవ్వు తీసెయ్." ఇంటికొచ్చాక ఏ ముక్కయినా ఒకటే గతి: అల్లం వెల్లుల్లి, కారం, కుక్కరు. ఇక్కడ చల్లటి అద్దాల అరలో ఒక్కొక్క ముక్కా జమీందారులా పడుకుని ఉంది, పేరూ గోత్రమూ చీటీ మీద రాసి. రిబ్‌ఐ అట, పక్కటెముకల్లో కన్నేమిటో! స్ట్రిప్, సర్లాయిన్, ఫిలే, టీబోన్. ఇది చాలక కండలో సన్నగా అల్లుకున్న కొవ్వు గీతల్ని చూసి వ్యవసాయ శాఖ వారు దర్జాలు నిర్ణయించారు, కొట్లో కనబడేవి మూడు: ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్. ఛాయిస్ కంటే సెలెక్ట్ తక్కువట! ఇంగ్లీషు ఎంత వచ్చినా ఆ సంగతి తట్టేవాడు ఎవడైనా ఉంటే చూపించండి. మేలు, మధ్యరకం, నాసి అంటే ఏం పోయింది? ఒకటిన్నర అంగుళం మందం ఉండాలని, అంతకంటే పలచనైతే పైన రంగు తిరిగేలోగా లోపల చెప్పు తోలవుతుందని కొట్టువాడు హెచ్చరించాడు. రెండు ముక్కలు, రెండున్నర పౌన్లు, మన లెక్కలో కిలో పైచిలుకు. ధర ఇక్కడ రాయను. మా ఆవిడ కూడా పత్రికలు చదువుతుంది.

ఆ రాత్రి చదువుకి కూర్చున్నాను. ఇంజనీరింగు ఆఖరి సెమిస్టరులో కూడా అంత చదవలేదు. మొదట ఉప్పు. ఉప్పు వేస్తే వెంటనే పెనం మీద పెట్టాలి, లేదా కనీసం 40 నిమిషాలు ఆగాలి. ఈ రెంటికీ మధ్యలో పెట్టారో, ఉప్పు లాగిన నీరు ముక్క మీద నిలబడి ఉంటుంది, వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది. 40 దాటితే ఆ ఉప్పునీరు మళ్లీ లోపలికి ఇంకిపోతుందట. రాహుకాలం, యమగండం, దుర్ముహూర్తం చూసుకుని బతికే జాతి మనది. ఉప్పుక్కూడా వర్జ్యం ఉందని నాకు యాభై రెండో ఏట తెలిసింది.

తిప్పడం దగ్గర మతభేదాలు. ఒక మహానుభావుడు ఒక్కసారే తిప్పాలంటాడు, రెండోసారి తిప్పినవాడికి నరకం. ఇంకొకడు అర నిమిషానికోసారి తిప్పుతూ ఉంటే లోపల సమంగా కాలుతుందంటాడు. చురుక్కుమని కాల్చేది రసాన్ని లోపల బంధించడానికేనని మా తోడల్లుడు పదేళ్లుగా గ్రిల్ పక్కన నిలబడి బోధిస్తున్నాడు. చూస్తే అది లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో ప్రచారంలో పెట్టిన మాట, తప్పని ఎప్పుడో తేలిపోయింది. కాల్చినా రసం కారుతూనే ఉంటుంది. పెనం మీద వినిపించే ఆ చురచుర అదే. ఈ అస్త్రాన్ని జాగ్రత్తగా దాచుకున్నాను. దసరాకి పనికొస్తుంది.

కాల్చేది అసలు రుచి కోసమట. మాంసంలో ఉండే అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి, గోధుమ రంగు తిరిగి, వాసన కొడతాయి. 1912లో లూయీ కమీల్ మయ్యార్ అనే ఫ్రెంచివాడు దీని సంగతి రాశాడు కాబట్టి మయ్యార్ చర్య అన్నారు. సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ అది ఊపందుకోదు. నీళ్లు 100 దగ్గరే మరుగుతూ కూర్చుంటాయి కాబట్టి ముక్క మీద తడి ఉన్నంతసేపూ రంగు తిరగదు. ఇదే ముక్క మా అమ్మ "దొండకాయలు తడారాక వెయ్యరా, లేకపోతే వేపుడు కాదు, ముద్దకూర అవుతుంది" అని ముప్ఫై ఏళ్లు చెప్పింది. ఆవిడ పేరు ఏ చర్యకీ పెట్టలేదు.

నూనె విషయంలో మాత్రం నా ఛాతీ ఉప్పొంగింది. వెన్న 175 డిగ్రీల దగ్గరే పొగలు కక్కుతుంది, అందులోని పాల విరుగు మాడిపోతుంది. ఆ విరుగు తీసేసి కాచిన నెయ్యయితే 250 దాకా ఓర్చుకుంటుంది. దొరలు దానికి ఇంకేదో పేరు పెట్టి బుల్లి సీసాల్లో పోసి అమ్ముకుంటున్నారు గానీ, అది మన వంటింట్లో సీసా నిండా ఉన్న ఘృతమే. ఒడంబడికలో నెయ్యి ప్రస్తావన లేదు. రెండుసార్లు చదివి చూసుకున్నాను.

ఇక పెనం. ఇక్కడే నా పతనం మొదలైంది. షరతు ప్రకారం వేరే పెనం కొన్నాను, నాన్‌స్టిక్‌ది. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కారు గేటు దాటాక తీరిగ్గా పెట్టె విప్పి లోపలి కాగితం చదివితే, దాన్ని పెద్ద వేడి మీద వాడకూడదని ఉంది. 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడి పాడు పొగలు వదులుతుందట. స్టేక్‌కి కావలసింది దళసరి పోత ఇనుము. వేడిని కడుపులో దాచుకుని, చల్లటి ముక్క పడ్డా బెదరనిది. ఇప్పుడు కొట్టుకెళ్లి, కొత్తది కొని, దానికి నూనె పట్టించి కాల్చి, వాడకానికి తెచ్చేసరికి సీమంతం అయిపోతుంది. అప్పుడు నా కళ్లు పొయ్యి కింద అరలో ఉన్న అట్ల పెనం మీద పడ్డాయి. పాఠకులారా, మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, నా కోసం "వద్దు" అని గట్టిగా అనండి. ఆ రోజు అనేవాళ్లు లేకపోయారు.

ఆ పెనం మా ఇంట్లో నాకంటే సీనియర్. 1999లో, పెట్టెకు 32 కిలోలు ఒప్పుకున్న స్వర్ణయుగంలో, మా ఆవిడ కాపరానికొస్తూ పట్టుచీరల మధ్య చుట్టి తెచ్చుకుంది. మా అత్తగారిది, అంటే అప్పటికే దానికి ఇరవై ఏళ్ల సర్వీసు. నల్లగా, నున్నగా, పాలిష్ పట్టిన బూటులా మెరుస్తుంది. దానికి సబ్బు తగలదు, పీచు తగలదు. అట్టు వేసేముందు ఉల్లిపాయని అడ్డంగా కోసి, ఒక చెక్కని ఫోర్కుకి గుచ్చి, నూనెలో అద్ది, నడిమధ్య నుంచి అంచు దాకా గుండ్రంగా రుద్దుతుంది. తర్వాత నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తే అవి ముత్యాల్లా దొర్లాలి. నూనె పలచగా పట్టి కాలినప్పుడల్లా గట్టిపడి ఒక పొర అవుతుంది. పొర మీద పొర, నలభై ఏళ్లు పైబడిన పొరలు. తవ్వకాలు జరిపితే అట్టడుగున మా అత్తగారి పెసరట్లు బయటపడతాయి. గోధుమపిండి తగిలితే అట్టు లేవదని ఆ పెనం మీద పుల్కాకి కూడా అనుమతి లేదు. ఆఖరికి పుల్కాకి.

మా పొయ్యి ఒక నున్నటి గాజు పలక. మంట ఉండదు. గాజు కింద తీగ ఎర్రబడుతుంది, ఆరుతుంది, మళ్లీ ఎర్రబడుతుంది. సెగ తగ్గించు, పెంచు అంటే దానికి అర్థం కాదు; ఉండడం, లేకపోవడం, ఈ రెండే దానికి తెలిసిన వేదాంతం. దాన్ని చివరంటా తిప్పి, పెనం ఎక్కించి, పది నిమిషాలు వదిలేశాను. ముక్కల్ని కాగితంతో అద్దాను. ఉప్పు వర్జ్యం చూసే వేశాను, 47 నిమిషాలు. రెండు చెంచాల నెయ్యి వేసి ముక్కలు పెట్టాను. ఛుయ్యిమంది. ఆహా, ఆ చప్పుడు! ఆ పరిమళం! మొదటి పది సెకన్లు నేను నా తోడల్లుణ్ణే. పదకొండో సెకను నుంచి పొగ.

పొగ అంటే తిరగమోత పొగ కాదు, భోగిమంట పొగ. పొయ్యి నెత్తిన మైక్రోవేవ్, దాని అడుగున ఒక ఫ్యాను ఉంటాయి. ఫ్యాను వేశాను. ఈ అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్ల దయార్ద్ర హృదయాన్ని మీరు ఇక్కడే దర్శించాలి. ఆ ఫ్యాను పొగని కింద నుంచి లాగుతుంది. లాగి గోడ అవతలికి పంపుతుందనుకుంటాం. అవతలికి గొట్టమే లేదు. ఒక జాలీ గుండా తీసుకెళ్లి, పైన ఉన్న చిల్లుల్లోంచి మళ్లీ మన మొహం మీదికే ఊదుతుంది. మన ఊళ్లో కొన్ని అర్జీల ప్రయాణం కూడా ఇంతే. కిటికీ తెరిచాను. బయట 38 డిగ్రీలు. పొగ బయటికి పోలేదు, టెక్సస్ లోపలికి వచ్చింది.

అప్పుడు మొదలైంది హాల్లో. పొగ కనిపెట్టే ఈ యంత్రాల్లో ఒక రకానికి లోపల అమెరీషియం అనే రేడియోధార్మిక పదార్థం కంటికి ఆననంత ఉంటుంది. అది గాలిలో సన్నటి కరెంటు పారిస్తూ ఉంటుంది, పొగ నలుసులు అడ్డం పడి ఆ కరెంటు తగ్గితే అరుస్తుంది. మంటలు లేచిన ఇంటిని తొందరగా పసిగట్టడం దాని ఘనత. ఎండుమిరపకాయల పోపుని అంతకంటే తొందరగా పసిగట్టడం దాని నైజం. తెలుగువాళ్ల ఇళ్లతో దానికి పాత పగ. మూడు కూతలు, ఒక విరామం, మళ్లీ మూడు కూతలు. మధ్యలో ఒక ఆడ గొంతు "ఫైర్, ఫైర్" అంటుంది, రాజమండ్రి ప్యాసింజరు గంట ఆలస్యమని చెప్పినంత నిర్వికారంగా. హాల్లోది మొదలెడితే పడగ్గదిలోవీ అందుకుంటాయి, వాటికి లోపల్లోపల తీగ బంధుత్వం ఉంది. మా ఇంట్లో మొత్తం నాలుగు. బృందగానం.

నా ఒక చేతిలో పట్టకారు. రెండో చేతిలో, దొరికింది అదే కాబట్టి, మా బావమరిది పెళ్లిలో పెట్టిన జరీ కండువా. కుర్చీ ఎక్కి ఆ యంత్రానికి వింజామర వీస్తున్నాను, ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టుని. టైమరు మోగింది, దిగి ముక్కలు తిప్పాను. ఎక్కాను. బ్యాటరీ పీకాను. అయినా అరిచింది, అది ఇంటి కరెంటు మీద నడుస్తుందట, బ్యాటరీ కేవలం కరెంటు పోతే ఆదుకోడానికట. దిగాను. ఇంతలో పుట్టినరోజు నాయకుడు చెవుల్లో హెడ్‌ఫోన్లతో తన గది తలుపు తీసి, "డాడీ, ఏదో కాలుతోంది" అని సమాచారం అందించి తలుపు వేసుకున్నాడు.

చివరి నిమిషంలో వెన్న, వెల్లుల్లి, థైమ్ అనే ఆకు వేసి, పెనం ఓరగా వంచి, ఆ వెన్నని చెంచాతో ముక్క మీద పోస్తూ ఉండాలని శాస్త్రం. థైమ్ లేదు, కరివేపాకు వేశాను. అది చిటపటమని నా చొక్కా మీదికి ఎగిరింది. ఇక వెన్న. అయ్యా, స్టేక్ పెనానికి చుట్టూ రెండంగుళాల గోడ ఉంటుంది. అట్ల పెనానికి గోడ ఎందుకుంటుంది, అట్టేమైనా పారిపోతుందా? మూడు కిలోల ఇనుముని ఓరగా వంచగానే, కరిగిన వెన్నా, ముక్కల కొవ్వూ, మా ఆవిడ నెయ్యీ, మూడూ త్రివేణీ సంగమంలా అంచు దాటి, ఎర్రగా కాలుతున్న గాజు పలక మీదికి దిగాయి. అంతకుముందు నేను పొగ అన్నది పొగ కాదు.

ఎవరో తలుపు కొట్టారు. ఫైరింజనేమో అనుకున్నాను. అంతకంటే పెద్ద ఆపద. పై వాటాలో పెద్దావిడ, కూతురి పురిటికి విజయవాడ నుంచి వచ్చారు, ఉల్లిపాయ కూడా వారంలో మూడు రోజులే తింటారు.

"ఏం బాబూ, ఏమిటా మాడు వాసన? అందరూ క్షేమమేనా?"

"క్షేమమే పిన్నిగారూ."

"ఏం మాడింది?"

ఆపత్కాలంలో మనిషి నాలుక మీద ఏ కూరగాయ ఉంటుందో ఆ భగవంతుడికే తెలియాలి. "వంకాయండీ" అన్నాను.

ఆవిడ ముక్కు ఎగబీల్చారు. "నెయ్యి వాసనొస్తోందే."

"నేతిలో కాలుస్తున్నానండీ."

వంకాయని నేతిలో కాల్చే మనిషిని ఆవిడ డెబ్భై ఏళ్ల జీవితంలో అదే చూడడం. ఆవిడ మొహంలో అనుమానం పోయి జాలి వచ్చింది. నన్ను, నా చేతిలో పట్టకారుని, నా భుజం మీద జరీ కండువాని ఒకసారి చూసి, "అమ్మాయి ఊళ్లో లేదా బాబూ?" అన్నారు.

లోపలికొచ్చేసరికి ఎనిమిది నిమిషాలు కాస్తా పదమూడయ్యాయి. థర్మామీటరు గుచ్చాను. వాడు కోరిన మీడియం రేర్ అంటే 130 నుంచి 135 డిగ్రీల ఫారన్‌హీట్. ప్రభుత్వం వారేమో 145 దాకా కాల్చి, 3 నిమిషాలు ఆగి తినమంటారు. నేనేమో కుక్కరు పార్టీ. ముక్క రెండు వేళ్ల మధ్య నొక్కితే విడిపోవాలి, నాలుగు కూతలొచ్చాక కూడా "ఎందుకైనా మంచిది, ఇంకోటి రానీ" అనే వంశం మాది. ఒకే ముక్కలో ఒక మూల 128 చూపించింది, ఇంకో మూల 151. పెనం పొయ్యి కంటే పెద్దది, అంచుల్లో సెగ లేదు. అది అట్టుకి వరం, నాకు శాపం. వండాక ముక్కకి ఐదు నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలట, లోపలి వేడి సర్దుకోవడానికి. వండినవాడి విశ్రాంతి గురించి ఏ వీడియోలోనూ ఒక్క మాట లేదు.

కండ గీతలకి అడ్డంగా కోస్తే ఎర్రటి నీరు వచ్చింది. అది రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే మాంసకృత్తి కలిసిన నీరు. ఈ సంగతి నాకు తెలుసు. నా కడుపుకి తెలియదు. కళ్లు మూసుకుని మంచి మూల నుంచి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. నిజం ఒప్పుకోవాలి: బాగుంది. పైన కరకర, లోపల మెత్తన, ఉప్పూ మిరియమూ తప్ప ఇంకేమీ లేకుండానే. నా గుంటూరు జిల్లా నాలుక దీన్ని పరువు నష్టంగా తీసుకుంది. కాలిన రాతి మీద మాంసం వేయించే విద్య హైదరాబాదు వాళ్లకీ ఉంది, పత్తర్ కా గోష్త్ అని. కానీ వాళ్లు ముందు మసాలాలో నానబెడతారు, అది మర్యాద. మా అబ్బాయి రెండు ముక్కలు తిని, "బాగుంది డాడీ" అన్నాడు. "బాబాయ్ చేసినదానికన్నానా?" అని అడక్కుండా ఉండలేకపోయాను. వాడు న్యాయమూర్తిలా పైకి చూసి ఆలోచించాడు. "రైస్ ఉందా?" అన్నాడు.

నాలుగుంబావు. గాజు పలక మీద కొవ్వు నల్లగా కరుడుగట్టింది, దాన్ని బ్లేడు పెట్టి గీకాను. కర్టెన్లకి వాసన, సోఫాకి వాసన, కండువాకి వాసన, పడగ్గది తలుపు వెనక తగిలించిన కంచిపట్టు చీరకి వాసన. అగరొత్తులు వెలిగించాను. చాల్లేదు, సాంబ్రాణి వేశాను. దానికి యంత్రాలు మళ్లీ అరిచాయి. ఇక పెనం. దాని మీద కరివేపాకులు శిలాజాల్లా అతుక్కుపోయాయి. ఇప్పుడు నేను చేసిన పని రాయడానికి చెయ్యి వణుకుతోంది. స్టీలు పీచు పెట్టి తోమాను. కాస్త సబ్బు తగిలితే కొంప మునగదంటారు, ముంచేది ఈ పీచే. రెండు నిమిషాలు తోమి నీళ్లు పోసి చూస్తే, నడిమధ్యలో, అరచెయ్యంత మేర, నలభై ఏళ్ల నలుపు పోయి బూడిద రంగు ఇనుము బయటపడింది. బట్టతలలా. మీద కాస్త నూనె రాసి, బట్టతల కనబడకుండా బోర్లించి, అరలో పెట్టేశాను. నాన్‌స్టిక్ పెనాన్ని బుద్ధిగా కారు డిక్కీలో పెట్టాను.

ఐదూ ముప్ఫై ఐదుకి ఆవిడ వచ్చింది. గడపలోనే ఆగింది. "సాంబ్రాణి ఎందుకు వేశారు?" అంది. "ఆదివారం కదా" అన్నాను. దానికీ దీనికీ ఏం సంబంధమో నాకూ తెలియదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఏమీ అడగకపోవడం ఎంత ప్రమాదమో పెళ్లయినవాళ్లకి నేను చెప్పాలా?

రాత్రి రెండూ నలభైకి ఒక్క కూత. నిమిషం ఆగి ఇంకొకటి. బ్యాటరీ తిరిగి పెట్టడం మర్చిపోయాను. నాలుగు యంత్రాల్లో నేను పీకింది ఏదో నిద్రమత్తులో గుర్తురాదు, కూసేది ఏదో చీకట్లో తెలియదు, బ్యాటరీ ఏ సొరుగులో పెట్టానో ఆ సొరుగుకే తెలియాలి. మూడున్నర దాకా కుర్చీ మోసుకుంటూ గది గదికీ తిరిగాను, పక్క ఊరి తిరనాళ్లలో తప్పిపోయినవాడిలా.

పొద్దున్నే పై వాటా పిన్నిగారు దిగొచ్చారు, చేతిలో స్టీలు డబ్బాతో. "అబ్బాయి పాపం నిన్న వంకాయ కాల్చుకోలేక నానా అవస్థా పడ్డాడమ్మా. వంకాయకి నూనె రాసి, నాలుగు గాట్లు పెట్టి ఓవెన్‌లో పడెయ్యాలి గానీ, ఈ కరెంటు పొయ్యి మీద కాలుతుందా? నెయ్యి కూడా వేశాడట! ఇదిగో, పచ్చడి చేసి తెచ్చాను. ఈసారి ఆశగా ఉంటే నాకు చెప్పమను." మా ఆవిడ డబ్బా అందుకుంది. థాంక్స్ చెప్పింది. తలుపు వేసింది. నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "వంకాయా?" అంది.

నేను ఆఫీసు కాల్ ఉన్నట్టు ల్యాప్‌టాప్ తెరిచాను.

వంకాయ పచ్చడిలోకి అట్లు బాగుంటాయి కదా. ఆవిడ అరలోంచి పెనం తీసింది. పొయ్యి మీద పెట్టి ఒక క్షణం అలాగే చూసింది. ఉల్లిపాయ కోసింది, చెక్కని ఫోర్కుకి గుచ్చింది, నూనెలో అద్దింది, గుండ్రంగా రుద్దింది. నీళ్లు చిలకరించింది. చుక్కలు దొర్లలేదు, పడ్డచోటే కూర్చుని సుయ్‌మన్నాయి. పిండి పోసి గరిటెతో తిప్పింది. నేను ల్యాప్‌టాప్ వెనక నుంచి చూస్తున్నాను. అట్లకాడ అంచు దగ్గర సులువుగా దూరింది, మధ్యకి వచ్చేసరికి ఆగింది. ఆవిడ ఇంకోవైపు నుంచి ప్రయత్నించింది. అక్కడా ఆగింది, సరిగ్గా అరచెయ్యంత మేర.

ఆవిడ పొయ్యి ఆపింది. ఒక్క మాట అనలేదు. వాళ్లమ్మకి ఫోను కూడా చెయ్యలేదు. వాడికి ఇడ్లీ పెట్టింది, తనూ ఇడ్లీ పెట్టుకుంది. నాకు అట్టే పెట్టింది, గీకి తీసిన పధ్నాలుగు ముక్కలూ లెక్కగా. పక్కన పచ్చడి.

పచ్చడి మాత్రం అమోఘం.